బ్యాండ్ సా టైర్లు, సర్దుబాటు

బ్యాండ్ సా అనునది రెండు చక్రముల మీదుగా బిగించిన ఉక్కు పట్టీతో కలపను కోయు యంత్రము. ఈ పట్టీకి ఒక అంచున పళ్ళుంటాయి, కొసలు రెండూ అతికి ఉంటాయి. దీనినే బ్లేడు అంటారు. కోత మిల్లులలో దుంగలను కోయుటకు పెద్ద యంత్రములను, వడ్రంగి పనిశాలలలో వంపు కోతలకు, మందమైన చెక్కను పలుచని పలకలుగా చీల్చుటకు చిన్న యంత్రములను వాడతారు. పనిశాల యంత్రములలో చక్రపు అంచు చుట్టూ రబ్బరు లేదా పాలీయురెథేన్ పట్టీ తొడిగి ఉంటుంది. దీనికి టైరు అని పేరు. వాహనపు టైరు వలె ఇందులో గాలి ఉండదు, మందము కూడ కొద్ది మిల్లీమీటర్లే. బ్లేడు చక్రపు లోహమును తాకక ఈ టైరు మీదనే నడుస్తుంది. కనుక టైరు అరిగిన యంత్రములో మరే సర్దుబాటు చేసినా ఎక్కువ కాలము నిలువదు.

చరిత్ర

ఇంగ్లండుకు చెందిన విలియం న్యూబెరీ 1809 నాటికే ఇటువంటి రంపమునకు పేటెంటు పొందాడు. అయితే బ్లేడు చక్రముపై వంగుతూ, మరల నిటారుగా సాగుతూ ఉండుటచే అతుకు వద్ద తెగిపోయేది. 1846లో ఫ్రాన్సుకు చెందిన ఆన్ పాలిన్ క్రెపిన్ అను మహిళ కొసలను దృఢముగా అతుకు పద్ధతిని రూపొందించింది. ఆ హక్కులను పారిస్ నగరములోని పెరిన్ సంస్థ కొనుగోలు చేసి, మేలైన ఉక్కుతో బ్లేడులను తయారుచేసింది. అప్పటి నుండి ఈ యంత్రము ఆచరణలోకి వచ్చింది.

టైరు చేయు పని

చిన్న పనిశాలలలో 14 అంగుళముల యంత్రము ఎక్కువగా కనిపిస్తుంది. ఈ కొలత చక్రపు వ్యాసమును సూచిస్తుంది. క్రింది చక్రమును మోటారు త్రిప్పుతుంది. పై చక్రము బ్లేడును బిగించి, దాని దారిని సరిచేయుటకు ఉపయోగపడుతుంది. ఈ తరహా యంత్రములో బ్లేడు నిమిషమునకు సుమారు 3,000 అడుగుల (900 మీటర్ల) వేగముతో సాగుతుంది.

బ్లేడు పళ్ళను ఒకదానిని కుడికి, ఒకదానిని ఎడమకు కొద్దిగా వంచి ఉంచుతారు. ఆ వంపు లోహమునకు తగిలి చెడిపోకుండా టైరు కాపాడుతుంది. బ్లేడు జారిపోకుండ పట్టు నిస్తుంది. అదురును తగ్గిస్తుంది. వీటన్నిటిని మించి, బ్లేడును చక్రపు నడుమ నిలిపి ఉంచుతుంది. చాల యంత్రములలో టైరు పైభాగము అంచుల వద్ద కన్న నడుమ కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. వాలు మీద పడిన పట్టీ కొంచెము వంగుతుంది. ఆ వంపు వలన వెనుక వచ్చు భాగము చక్రమును నడిమికి మరింత దగ్గరగా తాకుతుంది. ఈ విధముగా పట్టీ ఎత్తైన చోటికి తానే చేరుకొంటుంది. ఉబ్బు అరిగిపోతే ఈ గుణము కూడ పోతుంది.

కొన్ని యంత్రములలో టైరు చదునుగా ఉండి, పళ్ళు చక్రపు ముందు అంచుకు వెలుపల నడుస్తాయి. వాటిని తయారీదారు సూచనల ప్రకారము సరిచేయవలెను. కోత మిల్లుల పెద్ద రంపములలో వెడల్పైన బ్లేడు సాధారణముగా లోహపు చక్రము మీదనే నడుస్తుంది. ఈ వ్యాసములోని టైరు విషయములు వాటికి వర్తించవు.

అరుగుదల గుర్తులు

* టైరు మీద పగుళ్ళు, గాడులు కనిపించుట, ముక్కలు ఊడిపోవుట.
* గోటితో నొక్కినపుడు రబ్బరు తిరిగి పైకి లేవక గట్టిగా ఉండుట.
* రంపపు పొట్టులో నల్లని రబ్బరు పొడి కలియుట.
* చక్రము తిరుగునపుడు బ్లేడు ముందుకు వెనుకకు ఊగుట, దడదడమను చప్పుడు వచ్చుట.

చివరి గుర్తు బ్లేడు అతుకు వంకరగా ఉన్నను కనిపిస్తుంది. దోషము దేనిదో తెలియుటకు సులభమైన పరీక్ష ఉన్నది. విద్యుత్తును తొలగించి, పై చక్రము మీద సుద్దముక్కతో గీత గీసి చేతితో త్రిప్పవలెను. ప్రతిసారి గీత ఒకే చోటికి వచ్చినపుడు బ్లేడు కదిలినచో దోషము ఆ చక్రానిది లేదా దాని టైరుది. క్రింది చక్రమును కూడ ఇట్లే పరీక్షించవలెను. అతుకు వచ్చినపుడు మాత్రమే కదిలినచో దోషము బ్లేడుది. 14 అంగుళముల చక్రపు చుట్టుకొలత సుమారు 1.1 మీటర్లు కాగా, ఆ యంత్రపు బ్లేడు సాధారణముగా 2.37 మీటర్ల పొడవుంటుంది. అనగా బ్లేడు ఒకసారి చుట్టి వచ్చులోగా చక్రము రెండు సార్లకు పైగా తిరుగుతుంది. కావున ఈ రెండు దోషములను విడదీసి గుర్తించుట కష్టము కాదు. టైరుకు అంటుకొని గట్టిపడిన పొట్టు కూడ ఇదే లక్షణము చూపుతుంది కనుక ముందుగా దానిని గీకి తీయవలెను.

టైర్లు మార్చు విధానము

1. ప్లగ్గును తీసివేయవలెను. స్విచ్చిని మాత్రమే ఆపుట చాలదు.
2. చేతి తొడుగులు వేసుకొని, బిగువు వదలించి బ్లేడును తీయవలెను.
3. చక్రపు వ్యాసమును, అంచు వెడల్పును కొలిచి సరిపడు టైర్లను తెచ్చుకొనవలెను. రెండు చక్రముల టైర్లను ఒకేసారి మార్చుట మంచిది.
4. పాత టైరును చాకుతో అడ్డముగా కోసి ఊడదీయవలెను. మిగిలిన జిగురును గీకి, త్రుప్పు ఉన్న చోట గరుకు కాగితముతో రుద్దవలెను. థిన్నరు వంటి ద్రవములను వాడునపుడు గాలి ఆడునట్లు, దగ్గరలో నిప్పు లేనట్లు చూచుకొనవలెను.
5. కొత్త టైరు చక్రము కన్న కొంచెము చిన్నదిగా ఉంటుంది. పాలీయురెథేన్ టైరును వేడి నీటిలో కొన్ని నిమిషములు ఉంచిన మెత్తబడుతుంది. ఒక చోట క్లాంపుతో బిగించి, రెండు వైపుల నుండి సమానముగా లాగుతూ తొడగవలెను. ఇద్దరు ఉన్నచో పని సులువు.
6. నునుపైన గుండ్రని కడ్డీని టైరు క్రింద దూర్చి చక్రము చుట్టూ రెండు మూడు సార్లు త్రిప్పవలెను. దీని వలన లాగుడు అన్ని చోట్ల సమానమవుతుంది.

బిగువుగా కూర్చొను పాలీయురెథేన్ టైర్లకు సాధారణముగా జిగురు అవసరము లేదు. రబ్బరు టైర్లను చాల యంత్రములలో జిగురుతో అతుకుతారు. అది పూర్తిగా ఆరువరకు బ్లేడును ఎక్కించరాదు.

సర్దుబాటు క్రమము

టైరు మారగానే బ్లేడు దారి మారుతుంది. దారి మారితే బ్లేడుకు, బల్లకు, గైడులకు మధ్య గల దూరములన్నీ మారతాయి. కాబట్టి ఈ క్రిందివి వరుస తప్పకుండ చేయవలెను. తరువాతి పనిని ముందు చేసినచో, దానిని మరల చేయవలసి వస్తుంది.

1. బల్లకు పైన, క్రింద ఉన్న గైడులను, వెనుక బేరింగులను బ్లేడుకు దూరముగా జరపాలి.
2. బ్లేడును ఎక్కించి కొద్దిగా బిగించాలి. బల్ల వద్ద పళ్ళు క్రిందికి చూచునట్లు ఉండాలి.
3. పై చక్రమును చేతితో త్రిప్పుతూ, దాని వాలును మార్చు మరను కొద్దికొద్దిగా తిప్పి బ్లేడును టైరు నడిమికి తేవాలి.
4. పూర్తిగా బిగించాలి. యంత్రము మీది కొలబద్ద సుమారుగా మాత్రమే చెపుతుంది. పై గైడును బల్లకు 150 మి.మీ. ఎత్తున ఉంచి ప్రక్క నుండి వ్రేలితో నొక్కినపుడు బ్లేడు సుమారు 6 మి.మీ. మించి కదలకూడదు. బిగువు మారినందున మూడవ అంశమును మరల చూడాలి.
5. బల్లకు, బ్లేడుకు మధ్య లంబకోణమును మూలమట్టముతో సరిచూడాలి.
6. ప్రక్క గైడులను బ్లేడుకు కాగితపు మందము దూరములో బిగించాలి. వాటి ముందు అంచు పళ్ళ మధ్య సందులకు కొంచెము వెనుకగా ఉండాలి, లేనిచో పళ్ళు పాడవుతాయి. వెనుక బేరింగు ఊరక తిరుగునపుడు బ్లేడును తాకరాదు, కలప నెట్టినపుడు మాత్రమే తాకాలి.
7. చేతితో బ్లేడును ఒక పూర్తి చుట్టు త్రిప్పి, ఎక్కడా తగులుట లేదని చూచి, తలుపులు మూసిన తరువాతనే విద్యుత్తు ఇవ్వాలి.

సరిచేసిన యంత్రములో కూడ బ్లేడు కొంచెము ఒక ప్రక్కకు లాగవచ్చును. దీనిని గుర్తించుటకు ఒక చెక్క మీద అంచుకు సమాంతరముగా గీత గీసి, చేతితో గీత వెంబడి సగము వరకు కోసి యంత్రమును ఆపవలెను. చెక్క అపుడు ఏ కోణములో ఉన్నదో ఆ కోణమునకే ఫెన్సును బిగించినచో తరువాతి కోతలు తిన్నగా వస్తాయి.

బ్లేడు ఎంపిక

వెడల్పు తక్కువైన కొద్ది వంపు సులభము. 6 మి.మీ. బ్లేడుతో సుమారు 16 మి.మీ., 12 మి.మీ. బ్లేడుతో సుమారు 63 మి.మీ. వ్యాసార్ధము వరకు వంపు కోయవచ్చును. ఇంతకన్న చిన్న వంపునకు బలవంతము చేసినచో బ్లేడు మెలితిరిగి టైరు మీద నుండి జారుతుంది. ఎల్లపుడు కనీసము మూడు పళ్ళైనా చెక్క మందములో ఉండునట్లు చూడవలెను.

జాగ్రత్తలు

ఈ రంపము కలపను క్రిందికి, బల్ల వైపుకు నొక్కుతుంది. అందువలన గుండ్రని రంపము వలె చెక్కను వెనుకకు విసరివేయు అవకాశము తక్కువ. ఈ కారణముచే కొందరు దీనిని అపాయము లేని యంత్రముగా భావిస్తారు. అది పొరపాటు. చెక్క దాటిన వెంటనే అదే వేగముతో బ్లేడు వ్రేళ్ళను చేరగలదు.

* పై గైడును చెక్కకు సుమారు 6 మి.మీ. ఎత్తులోనే ఉంచవలెను. చిన్న ముక్కలను కర్రతో నెట్టవలెను.
* బ్లేడును పట్టుకొనునపుడు తొడుగులు అవసరము. యంత్రము నడచునపుడు తొడుగులు, వదులు దుస్తులు ఉండరాదు.
* చుట్టిన బ్లేడు స్ప్రింగు వలె విప్పుకొంటుంది. ముఖమునకు దూరముగా ఉంచి విప్పవలెను.
* బ్లేడు తెగినచో స్విచ్చి ఆపి, చక్రములు పూర్తిగా నిలిచిన తరువాతనే తలుపు తెరవవలెను.
* అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లో కలప ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించు పదార్థముగా వర్గీకరించింది. కోయునపుడు, పొట్టును తుడుచునపుడు మాస్కు ధరించవలెను.

టైరు ఎక్కువ కాలము మన్నుటకు, కొన్ని రోజులు పని లేనపుడు బ్లేడు బిగువును వదలించి ఉంచవలెను. లేనిచో నొక్కుకొన్న చోట టైరు చదునుబడుతుంది. బిగువు వదలించినట్లు యంత్రము మీద చీటీ అంటించినచో, మరల బిగించకుండ నడుపు ప్రమాదము ఉండదు. క్రింది చక్రము మీద పొట్టు ఎక్కువగా పడుతుంది కనుక అక్కడ గట్టి కుంచెను అమర్చుట మేలు.