గర్భం సంగతి తెలిసేలోపే వెన్నుకు పునాది

గర్భిణికి ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారని అందరికీ తెలుసు. ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం చాలామందికి తెలియదు. ‘పరీక్షలో రెండు గీతలు వచ్చాయి డాక్టర్ గారూ, ఇక మాత్రలు రాయండి’ అంటూ మూడో నెలలో ఆసుపత్రికి వస్తుంటారు. రాస్తాం. కానీ ఆ మాత్ర చేయాల్సిన అతి ముఖ్యమైన పనికి అప్పటికే వేళ దాటిపోయి ఉంటుంది.

ఎందుకో తెలియాలంటే కోడిగుడ్డుతో మొదలుపెట్టాలి. పొదిగిన గుడ్డు నుంచి పిల్ల బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది. కానీ రెండో రోజు ముగిసేసరికే లోపల గుండె కొట్టుకుంటూ ఉంటుంది. మెదడు, వెన్నుపాము ఆనవాళ్లు కనిపిస్తాయి. కోడి అయినా, ఎలుక అయినా, మనిషి అయినా వరస ఇంచుమించు ఒకటే. ఒక్క కణం రెండుగా, నాలుగుగా చీలుతూ పోతుంది. తర్వాత కణాలన్నీ మూడు పొరలుగా సర్దుకుంటాయి. లోపలి పొర నుంచి పేగుల లోపలి గోడ, మధ్య పొర నుంచి గుండె, కండరాలు, ఎముకలు వస్తాయి. పై పొర నుంచి చర్మం వస్తుంది. మెదడు, వెన్నుపాము వచ్చేది కూడా ఆ పొర నుంచే! చర్మానికీ మెదడుకూ పుట్టిల్లు ఒకటేనంటే చాలామంది నమ్మరు.

కజ్జికాయ అంచుల్లా...

ఆ పై పొరలో వీపు వైపు ఒక పట్టీ మందంగా మారుతుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, మధ్యలో కలుసుకుని అతుక్కుంటాయి. పండక్కి కజ్జికాయ అంచులు కలిపి నొక్కుతాం కదా, అలాగన్నమాట. ఇలా ఏర్పడే గొట్టాన్ని నాడీ నాళం అంటారు. మెడ ప్రాంతంలో మొదలైన అతుకు పైకీ కిందికీ సాగుతుంది. తల వైపు సుమారు 25వ రోజుకు, నడుము వైపు 28వ రోజుకు మూసుకుపోతుంది. తల వైపు మూసుకోకపోతే మెదడు, పుర్రె పైభాగం సరిగా ఏర్పడవు. ఆ బిడ్డ దక్కదు. నడుము వైపు మూసుకోకపోతే వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడొచ్చు, మలమూత్రాల మీద అదుపు ఉండకపోవచ్చు.

ఈ 28 రోజులు లెక్కపెట్టేది గర్భం నిలిచిన రోజు నుంచి. అంటే నెల తప్పాక రెండు వారాలే! ఆ సమయానికి చాలా ఇళ్లలో ‘ఇంకో వారం చూద్దాం’ అనుకుంటూ ఉంటారు.

కణాలు వేగంగా చీలాలంటే ఫోలేట్ కావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులకు ఇది ముందే ఇస్తే, ఈ లోపం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది. మందు తయారయ్యాక ఈ సంగతి రుజువు కావడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట.

ఎవరు, ఎంత?

పిల్లలు కావాలనుకున్నవారు కనీసం ఒక నెల ముందు నుంచి, గర్భం వచ్చాక 12 వారాల వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ మాత్ర రక్తహీనత కోసం. అది దీనికి బదులు కాదు. ఆకుకూరలు, పప్పులు తప్పక తినండి. అయితే ఎక్కువసేపు ఉడికించి, నీళ్లు వంపేస్తే ఫోలేట్ చాలావరకు పోతుంది. పైగా తిండితోనే చాలినంత అందుతుందన్న భరోసా లేదు.

ముందు కాన్పులో ఈ లోపం కనిపించినవారికి మోతాదు దాదాపు పదింతలు అవసరం. మధుమేహం ఉన్నవారూ ముందే వైద్యుణ్ని కలవాలి. ఇంకో మాట. ఇలాంటి బిడ్డ పుడితే గ్రహణం రోజు కోడలు బయట తిరిగిందంటూ నిందలు మొదలవుతాయి. నాళం మూసుకోవడానికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. ఫోలిక్ యాసిడ్ సరిగా వాడినా కొందరిలో ఈ లోపం రావచ్చు. అది తల్లి తప్పు కానే కాదు.

మూర్ఛకు మందులు వాడే అమ్మాయిల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాల్‌ప్రోయేట్ అనే మందు ఈ ముప్పును బాగా పెంచుతుంది. అలాగని సొంతంగా మానేస్తే ఫిట్స్ తిరగబెట్టి ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లి కుదరగానే ఆ సంగతి వైద్యుడికి చెప్పండి. వేరే మందుకు మార్చడానికి, అది పడుతుందో లేదో చూడటానికి కొన్ని నెలలు కావాలి.