కిటికీ పక్క టాకో

మాదాపూర్‌లో మధ్యాహ్నం మూడు దాటాక భోజనాల హడావిడి సద్దుమణుగుతుంది. మళ్లీ ఆఫీసులు వదిలేదాకా చిన్న హోటళ్లకు కాస్త ఊపిరి. వంటకాల ఫొటోలు తీసేవాళ్లకు దొరికేది ఆ వ్యవధే. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి ఇక్కడే సైబర్ టవర్స్ అనే ఐటీ భవనాన్ని ప్రారంభించారు. ఇవాళ ఆ చుట్టుపక్కల సందుల్లో బిర్యానీ హోటళ్ల నడుమ మెక్సికన్ హోటల్ బోర్డు కనిపించినా ఎవరూ ఆగి చూడరు. చూసేదంతా ఫోన్‌లోని డెలివరీ యాప్‌లోనే, బొటనవేలంత బొమ్మను. అందుకే ఆ బొమ్మ కోసం ఇంత శ్రమ.

మొదట ట్యూబ్‌లైట్లు ఆర్పేస్తారు. పగటి వెలుగుతో అవి కలిస్తే కొత్తిమీర వాడినట్టు, చీజ్ పాలిపోయినట్టు పడుతుంది. బల్లను కిటికీ పక్కకు జరిపి, వెలుగు పళ్లెం వెనకనుంచి వచ్చేలా చూసి, ఇటువైపు తెల్లటి థర్మోకోల్ అట్ట నిలబెడతారు. ఎదురుగా అద్దాల మేడ ఉంటే మాత్రం చిక్కే. దాని మీద పడి తిరిగొచ్చే ఎండ రెండో సూర్యుడిలా లోపలికి దూరి ఇంకో నీడ వేస్తుంది. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టక తప్పదు.

మడిచిన మొక్కజొన్న రొట్టెలో కూర నింపిన టాకో ఓ పట్టాన నిలబడదు. వెనక పుల్ల గుచ్చి ఆపాలి. అవకాడోతో చేసే గ్వాకమోలే గాలి తగిలితే నల్లబడుతుంది, నిమ్మరసం పిండుతూ ఉండాలి. కరిగిన చీజ్ మెరుపు నిమిషమో, రెండు నిమిషాలో. అందుకని ముందు ఉత్తుత్తి పళ్లెం పెట్టి కోణం, వెలుగు కుదుర్చుకుంటారు. అంతా సరిపోయాకే అసలు పళ్లెం కోసం వంటింట్లోకి కేక.

నన్ను బాధపెట్టేది పళ్లెం చుట్టూ పేర్చే వెడల్పాటి టోపీలు, ముళ్లచెట్ల బొమ్మలు. ఆ వంటలో మనకంత పరాయిది ఏముందని? మిరప, టమాటా, మొక్కజొన్న అమెరికా ఖండాలనుంచి వచ్చి మన ఇళ్లలో స్థిరపడ్డవే. మెక్సికోలో మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. దాంతో పొట్టు వదులుతుంది, పిండికి జిగురొస్తుంది. ఆ పిండితో చేసిన టోర్టియా అనే రొట్టె పెనం మీద కాలితే పడే నల్లమచ్చలు జొన్నరొట్టె తిన్నవాళ్లెవరైనా గుర్తుపడతారు. తిండికి పేరు రెండుచోట్లా ఉంది: యునెస్కో 2010లో మెక్సికో సంప్రదాయ వంటను వారసత్వ జాబితాలో చేర్చింది, 2019లో హైదరాబాద్‌ను ఆహార సృజన నగరంగా గుర్తించింది. టోపీ తీసేసి ఆ కాలిన మచ్చల మీదికి కెమెరా తిప్పితే చాలు, ఇక్కడి వాళ్ల నోరూరుతుంది.

డెలివరీ డబ్బాలో ఆవిరికి కరకరలాడే టాకో మెత్తబడుతుంది. ఫొటోలో కరకరలాడేది చూపించి మెత్తటిది పంపడం నాకు తప్పుగానే తోస్తుంది. కూర ఒక డబ్బాలో, టాకో రొట్టె వేరే కాగితంలో కట్టి, ఆ విడివిడి సరంజామానే ఫొటో తీయాలి. తినేవాళ్లు తమ బల్ల మీద విప్పేది కూడా అదే.

ఆరున్నరకల్లా కిటికీ నీలబడుతుంది. గుడ్డ విప్పి, బల్ల తుడిచి, మళ్లీ వరసలో పెట్టేస్తారు. అప్పటికే ఫోన్‌లో మొదటి ఆర్డరు మోగుతుంటుంది.