ధర్మనిధులు - విశ్వవిద్యాలయ గ్రంథభాండారములు

విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయము హృదయస్థానమని తఱచుగా వినుచుందుము. ఆ గ్రంథాలయము ఏ ధనముతో పెరుగుచున్నదో, ఏ ధనము లేక క్షీణించుచున్నదో విచారించువారు మాత్రము అరుదు. పరిశోధక విద్యార్థి తనకు వలసిన గ్రంథము దొరకనపుడు గ్రంథపాలకుని నిందించును. గ్రంథపాలకుడు నిధుల లేమిని నిందించును. ఈ లేమికి గల ఉపాయములలో ధర్మనిధి యొకటి. దాని స్వరూపమెట్టిది, అది యెట్లు పనిచేయును, ఎచట విఫలమగును అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

గ్రంథాలయమునకు వచ్చు దానములు మూడు విధములు. గ్రంథములనే యిచ్చుట మొదటిది. ఏటేట కొంత ధనమిచ్చెదనని మాట యిచ్చుట రెండవది. ఒక మూలధనమును శాశ్వతముగా సమర్పించి, దానిపై వచ్చు ఫలమును మాత్రమే వినియోగింపుమని నియమించుట మూడవది. ఈ మూడవదియే ధర్మనిధి. నిజామాబాదు జిల్లా మోర్తాడు ప్రాంతపు పసుపు రైతునకు ఈ భేదమును వేరుగ బోధింప బనిలేదు. త్రవ్విన పంటలో మేలైన దుంపలను విత్తనమునకు వేరుపరచి, మిగిలినదానిని మాత్రమే వండి, ఎండబెట్టి, అంగడికి పంపుట అతని వాడుక. విత్తనమును కూడ అమ్ముకొన్నవానికి ఆ యేట చేతినిండ డబ్బుండును గాని మరుసటి యేట చేను బీడగును. ధర్మనిధియందలి మూలధనము ఆ విత్తనపు దుంప వంటిది.

ఈ భావము మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు. దేవాలయములలో అఖండదీపమునకై చేసిన దానముల శాసనములు దక్షిణదేశమున వేలకొలది కలవు. దాత నేతిని దానము చేయలేదు. గొఱ్ఱెలనో గోవులనో దానము చేసెను. మందను స్వీకరించినవాడు దినమునకింత నేయి కొలిచి యిచ్చుచు, మంద సంఖ్య తగ్గకుండ కాపాడవలెను. తమిళ శాసనములు ఇట్టి గొఱ్ఱెలను చావనివి, ముదియనివి అని వర్ణించినవి. ఒక్కొక్క గొఱ్ఱె చచ్చును గాని మంద చావదు. మూలధన మక్షయము, వినియోగము ఫలమునకే పరిమితము అను ధర్మనిధి సూత్రమంతయు ఈ రెండు మాటలలో నిమిడియున్నది.

విద్యకు చేసిన దానములలోను ఈ పద్ధతియే కానవచ్చును. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో వెలసిన మల్కాపుర శాసనము గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశివునకు మందడము, వెలగపూడి గ్రామములు దత్తమైన విషయమును చెప్పుచున్నది. ఆ యాదాయమునుండి అధ్యాపకులకు, విద్యార్థులకు, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు జరుగవలసిన వ్యయములు అందు నిర్దేశింపబడినవి. గ్రంథాలయ విషయమున అంతకంటె విశేషమైనది నాగావి శాసనము. నేటి కలబురగి జిల్లాలోని నాగావియందు, 1058లో, కల్యాణి చాళుక్యుడైన త్రైలోక్యమల్ల సోమేశ్వరుని కాలమున నొక ఘటికాస్థానము వర్ధిల్లెను. వేదము చదువు 200 మంది విద్యార్థులకు, శాస్త్రములు చదువు సుమారు 50 మందికి, వారి యుపాధ్యాయులకు జీవనము కల్పించుచు, ఆ శాసనము ఆరుగురు సరస్వతీభాండారికులకు గూడ భూమిని కేటాయించినది. సరస్వతీభాండారికులనగా గ్రంథపాలకులు. గ్రంథములను కూర్చుటతో పని ముగియదనియు, వానిని కాపాడు మనుష్యునకు జీవనము కల్పింపనిచో భాండారము నిలువదనియు ఆ దాత యెఱిగియుండెను. మన కాలపు దాతలు తఱచుగా మఱచునది ఈ విషయమే.

గ్రంథదానమునకును ధర్మనిధికిని గల తారతమ్యమును విదేశ చరిత్రము స్పష్టపరచుచున్నది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పదునైదవ శతాబ్దిలో హంఫ్రీ ప్రభువు అమూల్యమైన వ్రాతప్రతుల నిచ్చెను. నూఱేండ్లు గడచి కొంతకాలమగునప్పటికి అవి చెల్లాచెదరై, తుదకు బల్లలు సయితము అమ్ముడుపోయినవి. 1598లో థామస్ బోడ్లీ దానిని పునరుద్ధరింపబూని, 1602లో గ్రంథాలయమును తెరిపించెను. అతడు గ్రంథములతో తృప్తి చెందక, భూములను, లండనులోని యిండ్ల అద్దెలను శాశ్వతాదాయముగా సమకూర్చెను. అమెరికాలో జాన్ హార్వర్డు 1638లో సుమారు 400 గ్రంథములను తన పేరు వహించిన కళాశాలకు వదలిపోయెను. 1764లో జరిగిన అగ్నిప్రమాదమున వానిలో ఒక్కటి మాత్రమే మిగిలినది. తరువాత 1774లో మరణించిన థామస్ హాలిస్ గ్రంథముల కొనుగోలునకై 500 పౌనులు వదలిపోగా, ఆ నిధి పేర నేటికిని గ్రంథములు కొనబడుచున్నవి. గ్రంథములు కాలిపోయినవి, నిధి కాలిపోలేదు.

మన దేశమున సి.పి. బ్రౌను చరిత్రము ఇంకొక కోణమును చూపుచున్నది. అతడు కడపలో పండితులకు స్వంత ధనముతో జీతములిచ్చి, వ్రాతప్రతులను సేకరింపజేసి, పాఠములను పరిష్కరింపజేసెను. ఆ సంచయము అతనితో అంతరింపక చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండారమును చేరినది. వ్యక్తి సేకరణ సంస్థను చేరినందుననే నేటి పరిశోధకునకు దక్కినది. అయితే బ్రౌను మాన్పిన తరువాత ఆ వేగముతో సేకరించుటకు, పరిష్కరించుటకు వేఱొక నిధి లేకపోయినది. గ్రంథదానము గతమును కాపాడును. భవిష్యత్తును పోషించుటకు నిధి కావలెను.

వార్షిక దానముల విషయమున ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రసిద్ధోదాహరణము. 1926లో స్థాపితమైన ఆ సంస్థకు జయపురాధీశుడైన విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయలిచ్చుటకు పూనుకొనెను. అచటి శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన పేరు వహించినది. ఆనాటి లక్ష రూపాయల విలువ నెంచినచో ఆ యౌదార్యము అసామాన్యమని తెలియును. కాని వార్షిక దానమునకు ఆధారము దాత యాదాయము. సంస్థానములు, జమీందారీలు రద్దయిన కాలమున అట్టి వాగ్దానముల కాధారమైన వ్యవస్థయే పోయినది. పరిశ్రమలకును ఇదియే వర్తించును. 1937లో స్థాపితమైన బోధను నిజాం చక్కెర కర్మాగారము శాశ్వతమని ఈ జిల్లావారు తరతరములుగా నమ్మిరి. అది 2015లో మూతపడినది. ఒక సంస్థ లాభములపై నాధారపడిన వార్షిక దానము ఆ సంస్థ ఆయుర్దాయమును మించి బ్రతుకదు.

అమెరికా విశ్వవిద్యాలయములలోని తెలుగు గ్రంథసంచయముల చరిత్రము కూడ ఇట గమనింపదగినది. 1954 నాటి 480వ సంఖ్య చట్టము క్రింద భారతదేశమునకు పంపిన గోధుమల మూల్యము రూపాయలలో నిలువ యుండెను. 1962 నుండి ఆ రూపాయలతో భారతీయ భాషా గ్రంథములను కొని, పలు విశ్వవిద్యాలయములకు పంపసాగిరి. తెలుగునాట సరిగా భద్రపరుపబడని పుస్తకములు అచట చక్కగా నిలిచినవి. ఆ నిలువ తరిగిపోయిన పిదప, 1980 దశకమున, గ్రంథాలయములు తమ సొమ్ముతోనే ఆ సేకరణమును కొనసాగింపవలసివచ్చెను. స్వంత నిధి గల సంస్థ కొనసాగింపగలదు. లేనిది సంఖ్య తగ్గించుకొనవలసినదే.

ఇక ధర్మనిధి లెక్కను పరిశీలింతము. ఒక దాత పది లక్షల రూపాయలిచ్చెననియు, దానిపై నూటికి ఏడు వంతున వడ్డీ వచ్చుననియు అనుకొందము. ఏటికి 70,000 రూపాయలు లభించును. మొత్తమును ఖర్చుచేసినచో మూలధనము అంకెలలో చెక్కుచెదరదు. కాని ధరలు ఏటికి నూటికి అయిదు వంతున పెరిగినచో, ఇరువది సంవత్సరముల పిదప ఆ 70,000 రూపాయలు నేటి 26,000 రూపాయల పుస్తకములను మాత్రమే కొనగలవు. మంద లెక్కకు సరిగనే యున్నది గాని పాలు తగ్గినవన్నమాట. అట్లుగాక, వడ్డీలో 50,000 రూపాయలను మూలధనమున చేర్చి 20,000 మాత్రమే వ్యయపరచినచో, ఏటేట వ్యయము ధరలతోపాటు పెరుగుచు, కొనుగోలు శక్తి నిలుచును. ఆరంభమున ఫలము స్వల్పముగా తోచును. దాతకు ఈ లెక్కను ముందే విశదపరచుట సంస్థ ధర్మము.

వ్యయ ప్రయోజనమును నిర్ణయించుటయందును వివేకము వలయును. ఏదో యొక సూక్ష్మ విషయముపై వెలువడిన గ్రంథములనే కొనవలెనని దాత నిర్బంధించినచో, ఆ విషయమున గ్రంథములు రాని యేండ్లలో వడ్డీ వృథాగా పేరుకొనును. అట్టి నియమమును మార్చుటకు న్యాయస్థానమున కెక్కవలసివచ్చిన, కాలహరణము తప్పదు. కావున మొదటి ప్రయోజనము, అది సాధ్యముకానపుడు రెండవ ప్రయోజనము దానపత్రముననే వ్రాయించుట మేలు. 1890 నాటి ధర్మాదాయముల చట్టము మూలధనమును కోశాధికారి యధీనమున నుంచి, ఫలమును మాత్రమే నిర్వాహకులకు చేర్చు మార్గమును కల్పించుచున్నది. ఏ మార్గమవలంబించినను, నిధి లెక్కను విశ్వవిద్యాలయపు సాధారణ ఖాతాలో కలుపక, ఏటేట ప్రకటించుట అవశ్యము.

ఈ విచారమునకు మా ప్రాంతమున తక్షణ ప్రసక్తి కలదు. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లియందు తెలంగాణ విశ్వవిద్యాలయము 2006లో ఏర్పడినది. ప్రాచీన సంస్థలకు శతాబ్దముగా సమకూరిన పత్రికా సంపుటములు, తొలి ముద్రణములు నవీన సంస్థలకు ఒక్కమాఱుగా లభింపవు. అవి యిండ్లలో నున్నవి. 1934లో సురవరము ప్రతాపరెడ్డి వెలువరించిన గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను పరిచయము చేసినది. వారిలో పలువురి యితర రచనలను వెదకబోవు పరిశోధకునకు ఆనాటి పత్రికలే శరణ్యము. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ఊరూర పుస్తకములను మోసి యమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి ప్రచురణలు ఎన్ని యిండ్లలో చెదలపాలగుచున్నవో ఊహింపవలసినదే.

మోర్తాడు వంటి యూర నొక విశ్రాంతోపాధ్యాయుడు రెండువేల గ్రంథములను కూర్చి గతించెననుకొందము. కుమారులు గల్ఫు దేశములలో నున్నారు. వారు ఆ గ్రంథములను విశ్వవిద్యాలయమునకు సంతోషముగా ఇత్తురు. కాని వానిని చేర్చుట, శుభ్రపరచుట, జిల్దు కట్టించుట, పట్టికలో నెక్కించుట, శిథిలమైనవానిని ఛాయాచిత్రములుగా భద్రపరచుట - వీనికి ధనమెచటిది? అది లేనిచో మూటలు మూటలుగనే మూలపడి, ఇంటిలో చెదలు తినవలసినవి విశ్వవిద్యాలయమున తినబడును. అందువలన గ్రంథదానముతోపాటు ఒక చిన్న ధర్మనిధిని గూడ కోరుట సంస్థకు లజ్జాకరము కాదు. ఇట్లు కోరుట దాతపట్ల గౌరవమే.

మనవారు దానగుణమున కొఱతపడినవారు కారు. బంగారు పతకములకు, స్మారకోపన్యాసములకు, పురస్కారములకు మన విశ్వవిద్యాలయములలో ధర్మనిధులు కలవు. పతకము ఏటి కొక్కనికి దక్కును. గ్రంథము అడిగిన ప్రతివానికి దక్కును. దాతను ఆ వైపునకు త్రిప్పగలవారు అధ్యాపకులే. అయితే ధర్మనిధి వచ్చినదను నెపమున ప్రభుత్వపు కేటాయింపును తగ్గింపరాదు. పాఠ్యగ్రంథములు, సిబ్బంది జీతములు ప్రభుత్వ బాధ్యత. దుర్లభ గ్రంథములు, ప్రాంతీయ పత్రికలు, జీర్ణోద్ధరణము ధర్మనిధి క్షేత్రము. ఒకటి రెండవదానికి ప్రతినిధి కాజాలదు.

ప్రతి శాఖవారును తమ పరిశోధకులకు దొరకని గ్రంథముల, పత్రికల పట్టికను సిద్ధపరచి యుంచుకొందురుగాక. దాత వచ్చినపుడు మన చేత నుండవలసినది స్తుతిపద్యము కాదు, ఆ పట్టికయే.