కొండ సైకిల్‌కు ముందు కొలత, తర్వాతే కార్బన్

2012 ఆగస్టు 12. లండన్ ఒలింపిక్స్ చివరి రోజు. ఎసెక్స్‌లోని హాడ్లీ ఫార్మ్ గుట్టల మీద పురుషుల మౌంటెన్ బైక్ పోటీ ఆఖరి మలుపులకు వచ్చింది. అంతదాకా పక్కపక్కనే ఉన్న స్విట్జర్లాండ్ రైడర్ నీనో షర్టర్‌ని చెక్ ఆటగాడు యరోస్లావ్ కుల్హవీ అక్కడ దాటేసి స్వర్ణం ఎగరేసుకుపోయాడు. తేడా ఒక్క సెకను. వాళ్ల వెనకే వచ్చిన ఇటలీ ఆటగాడు మార్కో ఫొంటానా సైకిల్‌కు సీటే లేదు. ఆఖరి ల్యాప్‌లో ఊడిపోతే, నిలబడే తొక్కి కాంస్యం తెచ్చుకున్నాడు.

ఆ రోజు పతకాల వేదిక ఎక్కిన ముగ్గురివీ మూడు రకాల బళ్లు. కుల్హవీది 29 అంగుళాల చక్రాలతో, ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న ఫుల్ సస్పెన్షన్. షర్టర్‌ది 27.5 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్, అంటే ముందు ఫోర్కు మాత్రమే కుదుపును మింగుతుంది, వెనక భాగం బిగుసుకునే ఉంటుంది. ఫొంటానాది 29 అంగుళాల హార్డ్‌టెయిల్. కుల్హవీ ఆరడుగులు దాటిన పొడగరి. షర్టర్ అతని కంటే బాగా పొట్టి. ఒకే కొండ, ఒకే దారి, అయినా ఎవరి ఒంటికి తగ్గ బండి వాళ్లది. ఆ తర్వాతి ఏళ్లలో ఫ్రేముల రూపం మారడంతో షర్టర్ కూడా 29కే వచ్చేశాడన్నది వేరే సంగతి.

ఇంత జరిగినా షాపులోకి అడుగుపెట్టిన మనిషి అడిగే మొదటి మూడు ప్రశ్నలు మారలేదు. కార్బనేనా? ఎన్ని కేజీలు? గేర్లు ఏ కంపెనీవి? మూడూ అడగాల్సినవే, కానీ వాటి చోటు చివర్లో. ఖరీదైన మౌంటెన్ బైక్‌లో తర్వాత మార్చుకోగలిగినవి చాలా ఉంటాయి: టైర్లు, బ్రేకులు, హ్యాండిల్, సీటు, గేర్లు, చివరికి చక్రాలు కూడా. మార్చుకోలేనివి ఫ్రేము కొలతలు, దాని కోణాలు, వెనక సస్పెన్షన్ పనిచేసే తీరు. కుట్టిన చొక్కాకు చేతులు మడుచుకోవచ్చు, భుజాల దగ్గర పట్టేస్తే ఏమీ చేయలేం. అమెరికాలో పేరున్న కంపెనీల పై మోడళ్లు 10,000 డాలర్లు దాటిపోయిన ఈ రోజుల్లో భుజాలు చూడకుండా బొత్తాల మెరుపు చూసి కొనేవాళ్లు తక్కువేమీ లేరు.

ఆ మెరుపుకు తెలుగువాళ్లు ఎక్కువగా చిక్కే ఊళ్లలో అమెరికాలోని బెంటన్‌విల్ ఒకటి. అర్కన్సాస్ రాష్ట్రంలోని ఈ ఊళ్లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉంది. ఆ సంస్థలోనూ, దానికి పనిచేసే ఐటీ కంపెనీల్లోనూ మనవాళ్లు దండిగా ఉన్నారు. వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడు శామ్ వాల్టన్ మనవలు స్టూవర్ట్, టామ్‌లకు సైకిళ్లంటే పిచ్చి. వాళ్ల కుటుంబం డబ్బు, ఊరి ఉత్సాహం కలిసి, స్లాటర్ పెన్ దారులతో మొదలుపెట్టి చుట్టుపక్కల అడవులను సైకిల్ బాటలతో నింపేశాయి. తాను ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధానినని ఆ ఊరు ఇప్పుడు ప్రకటించుకుంటోంది. ఆఫీసు నుంచి ఇంటికి పోతూ అడవిలో ఓ చుట్టు తిరిగి వెళ్లే వీలుండటంతో, ఇండియాలో సైకిల్ ముట్టనివాళ్లు సైతం అక్కడ బండి కొంటున్నారు. సహోద్యోగి దగ్గరున్నదే కొంటున్నారు, చిక్కంతా అక్కడే.

బండి ఎంచుకునేది దారిని బట్టి. సస్పెన్షన్ ఎంత మేర అణగగలదో దాన్ని ట్రావెల్ అంటారు, మిల్లీమీటర్లలో చెబుతారు. క్రాస్ కంట్రీ బళ్లకు 100 నుంచి 120, అన్ని దారులకూ పనికొచ్చే ట్రైల్ బళ్లకు 120 నుంచి 150, నిట్టనిలువు దిగుడు దారుల ఎండ్యూరోకు 150 నుంచి 180, లిఫ్టులో కొండెక్కి దిగడమే పనిగా పెట్టుకున్న డౌన్‌హిల్‌కు 200. ఎక్కువుంటే మంచిదేగా అనిపిస్తుంది. కాదు. ట్రావెల్ పెరిగేకొద్దీ ఫ్రేము బరువెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తుంది, చిన్న దారుల్లో సరదా చస్తుంది. బెంటన్‌విల్ చుట్టూ ఉన్న ఓజార్క్ కొండల్లో ఎక్కుడు దారులు పొట్టివి, రాతి మెట్లు ఎక్కువ. 120, 130 ట్రావెల్ ఉన్న బండి అక్కడ చాలామందికి చాలు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఎర్రమట్టి బాటలకైతే మంచి ఫోర్కున్న హార్డ్‌టెయిల్ సరిపోతుంది. ఫుల్ సస్పెన్షన్‌కు పెట్టబోయే డబ్బులో సగం మిగులుతుంది కూడా.

దారి తేలాక కొలత. ఇక్కడ షాపుల్లో జరిగే సంభాషణ అందరికీ తెలిసిందే.

"అన్నా, నాకు ఏ సైజు?"

"ఎత్తెంత?"

"ఐదు ఏడు."

"అయితే ఎం. కళ్లు మూసుకుని తీసుకో."

కళ్లు తెరిచే తీసుకోవాలి. ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎల్‌కు దగ్గరగా ఉండొచ్చు. అక్షరాలను పక్కనబెట్టి చూడాల్సిన అంకెలు రెండు: రీచ్, స్టాక్. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి నిలువుగా ఒక గీత గీస్తే, ఆ గీత నుంచి హ్యాండిల్ దిగే గొట్టం పైకొసకు ఉన్న అడ్డదూరం రీచ్. అదే ఇరుసు నుంచి ఆ కొసకు ఉన్న నిలువెత్తు స్టాక్. దిగుడులో రైడర్ సీటు మీద కూర్చోడు, పెడళ్ల మీద నిలబడతాడు. అప్పుడు శరీరానికి దొరికే చోటును తేల్చేది రీచే. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి సాధారణంగా 440 నుంచి 460 మిల్లీమీటర్ల రీచ్ నప్పుతుంది. కాళ్లు పొడవై మొండెం పొట్టిగా ఉంటే కింది అంకె, మొండెం పొడవైతే పై అంకె. ఎత్తు ఒకటే అయిన అన్నదమ్ములకు రెండు సైజులు కావాల్సి రావడంలో వింతేమీ లేదు.

తర్వాత కోణాలు. ముందు ఫోర్కు నేలతో చేసే కోణాన్ని హెడ్ యాంగిల్ అంటారు. 2010 ప్రాంతంలో క్రాస్ కంట్రీ బళ్లకు అది 70, 71 డిగ్రీలు ఉండేది. ఇప్పటి ట్రైల్ బళ్లలో 64 నుంచి 66 మామూలు. కోణం తగ్గితే ముందు చక్రం రైడర్‌కు ఇంకా ముందుకు జరుగుతుంది, నిట్ట దిగుడులో బోర్లా పడతామన్న భయం తగ్గుతుంది. ఎక్కుడులో మాత్రం అదే చక్రం అటూ ఇటూ ఊగుతుంది. దానికి విరుగుడుగా సీటు గొట్టాన్ని నిలువుగా, 76, 77 డిగ్రీలకు లేపి, కూర్చున్న మనిషి బరువును ముందుకు తెచ్చారు. గత పదిహేనేళ్లలో మౌంటెన్ బైక్‌లో వచ్చిన అసలు మార్పు కార్బన్‌ది కాదు, ఈ కోణాలది. పదేళ్ల నాటి ఖరీదైన కార్బన్ బండి కంటే ఇవాళ్టి మధ్యరకం అల్యూమినియం బండి దిగుడులో ధైర్యాన్నిస్తుందంటే కారణం ఇదే.

ఇక కార్బన్ సంగతి. ఫుల్ సస్పెన్షన్ ఫ్రేముల్లో కార్బన్‌కూ అల్యూమినియానికీ బరువులో తేడా చాలాసార్లు కిలో లోపే. కార్బన్‌కున్న అసలు బలం వేరు. పొరలు పేర్చే తీరును బట్టి ఒకచోట బిగువు, మరోచోట కాస్త సాగుదల తేవచ్చు. బలహీనత కూడా ఉంది. రాయి తగిలితే అల్యూమినియం సొట్టపోతుంది, సొట్ట కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో పగులు పెయింట్ కింద దాగుండొచ్చు. బోల్టులు చేతి లెక్కతో బిగిస్తే కుదరదు, టార్క్ రెంచి ఉండాల్సిందే. స్టీలు, టైటానియం ప్రేమికులూ ఉన్నారు, వాళ్లతో వాదించి లాభం లేదు. డబ్బుకు హద్దులేనివాళ్లు కార్బన్ కొనుక్కోవచ్చు. హద్దున్నవాళ్లు అల్యూమినియం ఫ్రేము తీసుకుని, మిగిలిన సొమ్ము ఫోర్కుకూ బ్రేకులకూ టైర్లకూ పెట్టాలి.

బ్రేకుల విలువ ఈ క్రీడకు పుట్టుకతోనే తెలుసు. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లు వేసుకుని ఓ మట్టి దారిలో పందేలు మొదలుపెట్టారు. రెండు మైళ్ల పైచిలుకు దిగుడు, 1,300 అడుగుల పతనం. పెడలు వెనక్కి తొక్కితే పడే ఆ బ్రేకులు ఎంత కాలేవంటే, హబ్బులోని గ్రీజు పొగై పోయేది. ప్రతి పరుగు తర్వాతా మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది కనుక ఆ దారికి రీప్యాక్ అన్న పేరు స్థిరపడింది. ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను బజారుకు తెచ్చింది. ఇవాళ నాలుగు పిస్టన్ల హైడ్రాలిక్ బ్రేకులు, ముందు 200 మిల్లీమీటర్ల డిస్కు ట్రైల్ బండికి విలాసం కాదు. ఒక్క వేలితో ఆగాలి. రెండు వేళ్లు వాడాల్సి వస్తే హ్యాండిల్ మీద పట్టు తగ్గుతుంది, లీవరు చేతికి దూరంగా ఉన్నా అంతే. చిన్న చేతులున్నవాళ్లు లీవరును దగ్గరికి తిప్పించుకోవాలి.

ఫోర్కు కొన్నాక పని అయిపోదు. గాలి నింపే సస్పెన్షన్ రైడర్ బరువును బట్టి అమరాలి. బూట్లు, హెల్మెట్, నీళ్ల సంచీతో సహా బండెక్కి నిలబడితే వెనక షాక్ 25 నుంచి 30 శాతం, ముందు ఫోర్కు 15 నుంచి 20 శాతం అణగాలి. 55, 60 కేజీల మనిషికి కొన్ని షాకులు గాలి తగ్గించినా రాయిలా అనిపిస్తాయి. లోపలి డ్యాంపింగ్ బరువైన వాళ్ల లెక్కకు అమరి ఉండటమే దానికి కారణం. కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

టైర్ల గురించి చెప్పుకునేటప్పుడు ఓ పాత శత్రువును తలచుకోవాలి. మన చేలగట్ల మీద అరికాలిలో గుచ్చుకునే పల్లేరు కాయే అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సైకిళ్లవాళ్లను ఏడిపించేది. మొక్క ఒకటే. ట్యూబు తీసేసి, లోపల ద్రవం పోసి, రిమ్ముకు గాలి పోకుండా టేపు వేసే ట్యూబ్‌లెస్ పద్ధతిలో చిన్న ముల్లు రంధ్రాలు వాటంతటవే పూడుకుంటాయి. గాలి ఒత్తిడి కూడా 20, 25 పీఎస్ఐకి దించుకోవచ్చు. అప్పుడు టైరు రాయిని పట్టుకుంటుంది. ఆ ద్రవం మన ఎండలకు త్వరగా ఆరిపోతుంది కాబట్టి మధ్యమధ్య పోస్తూ ఉండాలి. మొత్తం బండిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ తేడా చూపేది టైరే. అయినా జనం బేరమాడేది అక్కడే.

గేర్ల మీద మోజు అర్థం చేసుకోదగ్గదే. 2012లో శ్రామ్ కంపెనీ ముందు ఒకే పళ్లచక్రం, వెనక 11 గేర్లతో ఎక్స్ఎక్స్1 తెచ్చాక మౌంటెన్ బైక్ ముఖమే మారింది. ఇప్పుడు వెనక 12, పెద్ద పళ్లచక్రానికి 51, 52 పళ్లు. నిట్ట ఎక్కుడు కూడా కూర్చుని తొక్కొచ్చు. అయితే షిమానో డియోర్‌కూ అన్నిటికన్నా పైమెట్టు ఎక్స్‌టీఆర్‌కూ ధరలో ఉన్న అగాధం పనిలో లేదు. బరువు, మెరుపు, మీట నొక్కినప్పుడు వేలికి తెలిసే నునుపు తప్ప. గేర్లు మార్చే వెనక డిరెయిలర్ బండికి పక్కగా వేలాడుతుంది కనుక రాయికి ముందు బలయ్యేదీ అదే. బలిపశువు మీద లక్షలు పోయడమెందుకు? సీటును మీటతో కిందికీ పైకీ జరిపే డ్రాపర్ పోస్టుకు ఆ డబ్బు పెడితే ప్రతి దిగుడులో ఫలితం కనిపిస్తుంది. 2022లో మాతే మొహోరిచ్ రోడ్డు సైకిల్‌కే అది తగిలించి, పొజ్జో గుట్ట దిగుడులో అందరినీ వదిలించుకుని మిలాన్-సాన్ రేమో గెలిచాడు. పొట్టి కాళ్లవాళ్లు డ్రాపర్ ఎంత లోతుకు దిగుతుందో ఫ్రేము గొట్టంలో కొలిపించి మరీ కొనాలి.

చివరి అమరిక అరగంట పని. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగేలా సీటు ఎత్తు, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ 35 నుంచి 50 మిల్లీమీటర్లు. హ్యాండిల్ 800 మిల్లీమీటర్ల వెడల్పుతో వస్తే భుజాలను బట్టి కోయించుకోవడం తప్పేమీ కాదు. కోసే ముందు గ్రిప్పులను లోపలికి జరిపి కొన్నాళ్లు తొక్కి చూడాలి, తెగిన ముక్క అతకదు.

బెంటన్‌విల్‌లో ఉన్నవాళ్లకు ఒక సుఖం ఉంది. మంచి బళ్లు రోజు అద్దెకు దొరుకుతాయి, రెండు సైజులు తొక్కి చూసి తేల్చుకోవచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆ వీలు తక్కువ. అందుకే ఇక్కడ కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: వెనక హబ్బు 148 మిల్లీమీటర్ల బూస్ట్ కొలతదేనా, డిరెయిలర్ తగిలించే హ్యాంగర్ 2019లో వచ్చిన యూడీహెచ్ రకమేనా అని. అందరూ వాడే కొలతలైతే విరిగిన ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. ఏదో ఒక కంపెనీ సొంత కొలతైతే బండి వారాల తరబడి గోడకు ఆనుకుని ఉంటుంది. అమెరికా నుంచి వచ్చే బావమరిదిని ఫ్రేము తెమ్మని అడిగేవాళ్లున్నారు. చాలా కంపెనీల వారంటీ మొదటి కొనుగోలుదారుకే పరిమితం కాబట్టి పగులొస్తే ఎవరిని అడగాలో తెలియని స్థితి వస్తుంది. అతని పెట్టెలో చోటుంటే అడగాల్సినవి ఒక హ్యాంగర్, రెండు జతల బ్రేకు ప్యాడ్లు, ఫోర్కుకు సరిపోయే సీళ్ల కిట్టు. రాక్‌షాక్స్ లెక్క ప్రకారం ఫోర్కు కింది కాళ్లను 50 గంటల సవారీకోసారి విప్పి నూనె మార్చాలి. వారాంతాల్లో మాత్రమే తొక్కినా ఆ కిట్టు ఏడాది తిరగకుండానే అవసరపడుతుంది.