పేకముక్కలో వెతుకులాట

బౌద్ధనగర్‌లో మా కింది వాటాలో ఉంటూ గ్రూప్స్‌కి చదువుకునే అమ్మాయి మొన్న రాత్రి ఫోన్ పట్టుకుని పైకొచ్చింది. టారో యాప్‌లో బోర్లించిన ముక్కను తాకితే, గుండెలో మూడు కత్తులు దిగిన బొమ్మ వచ్చిందట. "అక్కా, ఈసారి గూడ నాకు రాదంటవా?" అంది. గొంతు వణుకుతోంది.

ఆ బొమ్మ 1909లో లండన్‌లో పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకు ఆమె రూపమిచ్చింది, రైడర్ సంస్థ అచ్చేసింది. ఇవాళ టారో అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేవి ఆమె గీసిన ఆ 78 ముక్కలే. కత్తులు దిగిన గుండె మాత్రం అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే ఇటలీలో సోలా బుస్కా అనే పేకలో ఉంది. అంత పనికీ తనకు ముట్టింది చాలా తక్కువని స్మిత్ ఒక ఉత్తరంలో రాసుకుంది. 1951లో పేదరాలిగానే కన్నుమూసింది. ఆ పేక ఎంతోకాలం రైడర్, వెయిట్‌ల పేర్లతోనే చలామణి అయింది. లోకం మొత్తం తన భవిష్యత్తును వెతుక్కుంటున్న పేకకు గీసిన మనిషి పేరు అన్నాళ్లు దక్కకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అసలు టారో పుట్టింది ఆటగా. 1440 నాటికే ఫ్లోరెన్స్ రాతల్లో ఈ పేక ప్రస్తావన ఉంది. మిలాన్ ప్రభువుల కోసం బంగారు రేకు అద్ది చేయించిన విస్కొంటి-స్ఫోర్జా ముక్కలు 74 ఇప్పటికీ మిగిలాయి. మామూలు పేకకు అదనంగా చేర్చిన 22 బొమ్మలను 'త్రియోంఫి' అనేవారు. అంటే విజయాలు. మనం పేకాటలో వేసే తురుపు కూడా ఆ కుదురు మాటే! ఫ్రాన్స్‌లో నేటికీ ఈ ముక్కలతో ఆడుకుంటారు.

మూడు శతాబ్దాలకు పైగా ఆటగా సాగాక, 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇవి ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమని రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాళ్లే లేరు. షాంపోలియోఁ దాన్ని ఛేదించింది 1822లో. అయినా ఆ మాట పాతుకుపోయింది. ఎత్తెయ్యా అనే ఆయన జోస్యం కోసమే ప్రత్యేకంగా పేక చేయించాడు. ఎలిఫాస్ లెవీ 22 బొమ్మలను 22 హీబ్రూ అక్షరాలతో ముడిపెట్టాడు.

మన దగ్గరా బొమ్మల పేక ఉండేది. బాబరు 1527లో సింధుకు గంజిఫా అనే పేక పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. మన నిర్మల్ నకాషీలు కూడా గుండ్రటి గంజిఫా ముక్కలు చేసేవారు. దశావతార గంజిఫాలో 120 ముక్కలు, పదిమంది అవతారమూర్తులు. అంతమంది దేవుళ్లున్నా మనవాళ్లు దాన్ని ఆటగానే ఆడుకున్నారు. భవిష్యత్తు అడగాలంటే చిలక జోస్యం, ఎరుకలసాని సోది వేరే ఉండనే ఉన్నాయి.

జోస్యాన్ని నమ్మాలా వద్దా అన్న చర్చ మా పేటకు కొత్త కాదు. తార్నాక దాటగానే ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. దాని వ్యవస్థాపకుడు పుష్పమిత్ర భార్గవ, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలన్న యూజీసీ నిర్ణయం మీద కోర్టుకెక్కారు. హైకోర్టు కొట్టేసింది. అది విధాన నిర్ణయం, తాము జోక్యం చేసుకోలేమని 2004లో సుప్రీంకోర్టూ చెప్పింది. నేను భార్గవ పక్షమే. ముక్కకు రేపటి సంగతి తెలియదు. జోస్యాలు చెప్పి పొట్టపోసుకోవడం భిక్షువుకు తగదని బౌద్ధుల బ్రహ్మజాల సుత్తం ఏనాడో చెప్పింది.

మరి ఆధ్యాత్మికత? సున్నా అంకె వేసిన ముక్కలోని అమాయకుడు గడపదాటి, ప్రేమ, మృత్యువు, పతనం, నక్షత్రం చూసుకుంటూ 21వ ముక్క దగ్గర లోకాన్ని చేరతాడని ఇప్పటి సాధకులు చదువుతారు. కొత్త చదువే, కానీ అబద్ధమనను. బొమ్మ ముందు కూర్చున్నప్పుడు మనిషి తనతో తాను మాట్లాడుకుంటాడు. దాని విలువ దానికుంది.

ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టించి, "గుండెలో మూడు కత్తులన్నావు, అవేంటి?" అని అడిగాను. చాలాసేపు ఊరుకుంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. నాలుగేళ్లుగా అద్దె కడుతున్న నాయన అప్పు. సంక్రాంతికి రాబోయే పెళ్లిచూపులు. మూడోది, తనకు ఈ చదువు ఇష్టం లేదన్న సంగతి. అది ఎవరికీ చెప్పలేదట.

టీ పెట్టడానికి లేచాను. రెండు కప్పులు అయ్యేదాకా మాట్లాడుతూనే ఉంది.