ఉడుముల కోసం ఒక చిన్న మంట

పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో చలికాలం మొదలైందంటే మార్తు తెగ ఆడవాళ్లు అగ్గిపెట్టె, గడ్డపార పట్టుకుని వేటకు బయల్దేరతారు. వెనకటికి గడ్డపార బదులు మొన చెక్కిన కర్ర ఉండేది. వాళ్లు వెతికేది ఉడుమును. మన ఉడుముకు దాయాదే, ఇసుకలో బొరియ చేసుకుని బతుకుతుంది.

చలికి అది బయటికి రాదు. పైన చూస్తే సూదుల్లాంటి ఆకులతో గుబురుగా పెరిగిన స్పినిఫెక్స్ గడ్డి; అందులో అడుగు పెట్టడమే కష్టం, ఇక బొరియ కనిపించేదెక్కడ? అందుకే గాలివాటు చూసి గడ్డికి నిప్పంటిస్తారు. మంట సాగిపోయాక బూడిద నేల మీద బొరియలు, వాటి ముందు తవ్విపోసిన మట్టి ఇట్టే తెలిసిపోతాయి. మట్టి తాజాదో కాదో చూసి, చుట్టూ గడ్డపారతో పొడుస్తారు. నేల గుల్లగా తగిలిన చోట తవ్వి, ఉడుమును బయటికి లాగి, తల మీద ఒక్క దెబ్బ. మంటలో పైపైన కాల్చి, వేడి ఇసుకలో, బూడిదలో కప్పెట్టి మగ్గనిస్తారు.

వేట అనగానే బల్లెం పట్టిన మగవాడూ, కంగారూ మన కళ్ల ముందు మెదులుతాయి. కంగారూ పడితే అందరికీ పండగే, అయినవాళ్లందరికీ వాటాలు వెళతాయి. కానీ ఉత్త చేతులతో తిరిగొచ్చే రోజులే ఎక్కువ. పొయ్యి మీద నమ్మకంగా ఏదో ఒకటి ఉండేది ఆడవాళ్ల ఉడుముల వల్లే.

అసలు వింత ఇంకోటుంది. పార్న్‌గుర్ అనే ఊళ్లో మార్తులతో కలిసి ఏళ్ల తరబడి పనిచేసిన రెబెకా బ్లీజ్ బర్డ్, డగ్లస్ బర్డ్ బృందం 2013లో తేల్చిన విషయం: వేట ఎక్కువగా సాగే చోటే ఇసుక ఉడుములు ఎక్కువ! చిన్న చిన్న మంటల వల్ల నేల అతుకుల బొంతలా తయారవుతుంది. ఒకచోట లేత మొలకలు, పక్కనే ముదురు గడ్డి. ఆ అంచులే ఉడుముకు ఇష్టం. కాలిన నేలలో ఏడాది రెండేళ్లకు వంకాయ జాతి కాయలు కూడా విరగ్గాస్తాయి. చేదు గింజలు గీకేసి తినడం అక్కడివాళ్లకు అలవాటే.

1960లలో చివరి కుటుంబాలు కూడా ఎడారి విడిచాయి. 1964లో బ్రిటిష్ రాకెట్ ప్రయోగాల కోసమని అధికారులు వెతికి మరీ కొందరిని బయటికి తరలించారు. చిన్న మంటలు పెట్టేవాళ్లు లేక గడ్డి పేరుకుపోయింది. పిడుగులకు అంటుకుంటే ఒక్కో కార్చిచ్చు మైళ్లకు మైళ్లు ఊడ్చేసేది. 1980లలో మార్తులు తిరిగొచ్చి పార్న్‌గుర్, పున్ము లాంటి ఊళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు వేటకు జీపుల్లో వెళతారు. వాళ్ల యువతీ యువకుల్లో కొందరు రేంజర్లుగా జీతానికి చేసే పనుల్లో గడ్డి కాల్చడమూ ఒకటి.