బ్రేక్ వేస్తే కారు పక్కకు లాగుతోందా? శ్రీశైలం ఘాట్ దిగే ముందే ఇలా చెక్ చేయండి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే నేషనల్ హైవే 765 కల్వకుర్తి, డిండి దాకా దాదాపు సాఫీగానే ఉంటుంది. మన్ననూరు దాటాక నల్లమల మొదలవుతుంది. దోమలపెంట నుంచి పాతాళగంగ వంతెన వైపు దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేక్ మీద కాలు పడుతుంది. ముందు బ్రేకుల్లో ఒకటి గట్టిగా, ఇంకోటి మెత్తగా పడుతుంటే ఆ సంగతి బయటపడేది ఇలాంటి చోటే. కారు కుడివైపు లాగిందంటే పోయేది ఎదురొచ్చే బస్సు లేన్‌లోకి. అందుకే ఈ టెస్ట్ ఇంటి దగ్గరే చేసుకోవాలి.

ముందు బ్రేకులే ఎందుకు?

బ్రేక్ వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది. ఆపే పనిలో సగానికి పైగా ముందు చక్రాలదే. కారు ఎటు లాగితే అటువైపు బ్రేక్ గట్టిగా పడుతోందని అర్థం. అంటే ఎడమకు లాగితే ఎడమ బ్రేక్ పాడైందని కాదు, కుడిది అసలు పట్టకపోయి ఉండొచ్చు.

ఇంకో తిరకాసు ఉంది. చాలా కార్లలో సస్పెన్షన్‌ను ఈ లాగుడు స్టీరింగ్‌కు తెలియకుండా సర్దేలా డిజైన్ చేస్తారు. స్టీరింగ్ నిటారుగా ఉంది కదా అని బ్రేకులు బాగున్నట్టు కాదు.

ఏ గ్యాడ్జెట్ పనికొస్తుంది, ఏది రాదు?

ఓబీడీ డాంగుల్: దీనికి పనికిరాదు. చవక డాంగుల్ ప్రధానంగా ఇంజిన్ డేటా, కోడ్స్ చదువుతుంది. మామూలు కార్లలో డిస్క్ వేడి చెప్పే సెన్సరే ఉండదు. ఏబీఎస్ లైట్ వెలగలేదని ధీమా వద్దు, అది చూసేది చక్రం స్పీడ్‌ని.

ఫోన్‌లో యాక్సిలరోమీటర్ యాప్: ఫైఫాక్స్ లాంటి ఫ్రీ యాప్‌తో పక్కకు లాగుడు గ్రాఫ్‌లో కనిపిస్తుంది. కానీ మన రోడ్లు నీళ్లు పోవడానికి సాధారణంగా ఎడమకు వాలుగా ఉంటాయి, దానివల్లే కారు కొంచెం ఎడమకు పోతుంది. ఖాళీ గ్రౌండ్‌లో తప్ప ఈ గ్రాఫ్‌ని నమ్మలేం.

ఐఆర్ థర్మామీటర్ గన్: మన విన్నర్ ఇదే. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందల రూపాయల రేంజ్‌లో దొరుకుతుంది. కోవిడ్ టైమ్‌లో కొన్న నుదుటి థర్మామీటర్ మాత్రం వద్దు, దాని రేంజ్ ఒంటి వేడి వరకే.

టెస్ట్ ఎలా చేయాలి?

ముందు రెండు టైర్లలో గాలి సమానంగా నింపండి. మామూలుగా బ్రేకులు వేస్తూ పది, పదిహేను కిలోమీటర్లు నడపండి. ఆపగానే రెండు డిస్క్‌లనూ ఒకే చోట, ఒకే దూరం నుంచి కొలవండి. 12:1 గన్ అయితే 12 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటర్ వెడల్పున్న చోటుని చదువుతుంది. ఎర్ర లేజర్ చుక్క గురి చూపించడానికే. మెరిసే లోహం మీద రీడింగ్ అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. పర్వాలేదు, మనకు కావాల్సింది రెండు పక్కల మధ్య తేడా. ఒకటి 90, ఇంకోటి 150 చూపిస్తే సమస్య ఉన్నట్టే.

వేడిగా ఉన్నది పట్టి వదలట్లేదా, లేక చల్లగా ఉన్నది పనే చేయట్లేదా? బ్రేకులు చల్లారాక, వీలైనంత తక్కువ బ్రేక్ వాడుతూ ఇంకోసారి నడిపి కొలవండి. అప్పుడూ ఒకే డిస్క్ కాలుతుంటే అది వదలట్లేదు.

చక్రం ఊడదీస్తే

చదునైన గట్టి నేల చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. జాకీతో ఎత్తాక స్టాండ్ తప్పనిసరి, ఒక్క జాకీని నమ్మి కింద దూరొద్దు.

లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది మందంగా ఉంటే సాధారణంగా స్లైడ్ పిన్నులు పట్టేసినట్టు. పిన్ రబ్బరు చిరిగితే చాలు, మన చెల్క నేలల ఎర్రదుమ్ము, వాన నీళ్లు కలిసి లోపల తుప్పు పడుతుంది. రెండు ప్యాడ్లూ అరిగి డిస్క్ నీలం రంగుకు తిరిగితే పిస్టన్‌నో, హోస్ పైపునో అనుమానించాలి. చక్రం బిగుసుకున్నప్పుడు మెకానిక్‌తో బ్లీడింగ్ నిపుల్ కొంచెం వదులు చేయించండి. చక్రం వెంటనే ఫ్రీ అయితే హోస్ లోపల వాచి ప్రెషర్‌ను వెనక్కి వదలట్లేదని అర్థం కావచ్చు. ఫ్రీ కాకపోతే పిస్టన్ లేదా పిన్నులు.

రిపేర్‌లో మరిచిపోకూడనివి

- పిన్నులకు రబ్బరుకు పడే సిలికాన్ బ్రేక్ గ్రీజ్ మాత్రమే. మామూలు గ్రీజ్, ఇంజిన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.
- క్యాలిపర్‌ని హోస్ మీద వేలాడదీయకండి, తీగతో కట్టండి.
- ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి.
- దుమ్ముని నోటితో ఊదొద్దు, బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడండి.
- బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా నొక్కండి. లేదంటే మొదటి బ్రేకే పడదు.

బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఒక చక్రమే పనంతా చేస్తుంటే ఘాట్‌లో ఈ తేడా చాలా పెద్దది. ఫ్లూయిడ్ మరిగితే పెడల్ నేలకు దిగిపోతుంది.

మా మాట

గన్ కొనండి, నెలకోసారి కొలిచి ఫోన్‌లో నోట్ చేసుకోండి. పిన్నులు, ప్యాడ్లు చేతనైతే మీరే చేసుకోవచ్చు. హోస్, పిస్టన్, ఫ్లూయిడ్ పని మాత్రం మంచి మెకానిక్‌కే వదిలేయండి. తేడా తేలిందా, అది సరిచేశాకే శ్రీశైలం. ఘాట్‌లో దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో దిగండి. అప్పుడు బ్రేకుల పని సగం ఇంజినే చూసుకుంటుంది.